తోట పనికి ఒప్పందం ఎలా రాసుకోవాలి: ల్యాండ్‌స్కేపింగ్ కొత్తగా మొదలుపెట్టినవారికి సమగ్ర మార్గదర్శి

వ్యాపారం మొదలుపెట్టిన తొలి ఏడాది హైదరాబాద్ శివారులో ఒక విల్లాకు తోట వేశాను. 1,800 చదరపు అడుగుల మెక్సికన్ గడ్డి, ప్రహరీ వెంబడి అరెకా పామ్‌లు, వాకిట్లో రెండు దేవగన్నేర్లు. మార్చి రెండో వారంలో పని ముగించి వచ్చేశాను. ఏప్రిల్ సగానికి వాళ్ల బోరు ఎండింది. ఇంటివారు పది రోజులు ఊళ్లో లేరు. తిరిగి వచ్చేసరికి గడ్డి గోనెపట్టా రంగుకు తిరిగింది. చివరి వాయిదా 64,000 రూపాయలు అడిగితే, "ఎండిపోయిన గడ్డికి డబ్బులేమిటండీ?" అన్నారు ఆ పెద్దాయన. నా చేతిలో ఉన్నది ఒక పేజీ కొటేషన్. అందులో "లాన్, 1,800 చ.అ." అని ఉంది. నీళ్ల ఊసు లేదు. ఆయన అబద్ధమాడలేదు, నేను మోసం చేయలేదు. గడ్డికి నీళ్లు ఎవరు పెట్టాలన్నది మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఆ డబ్బు రాలేదు.

గోడకు రంగు వేసినవాడు వెళ్లిపోయినా రంగు అలాగే ఉంటుంది. మనం నాటిన మొక్కకు మర్నాడే దాహం వేస్తుంది. అందుకే ఇంటీరియర్ పనుల ఒప్పందం ఎవరి దగ్గరో తెచ్చి పేర్లు మార్చుకుంటే మనకు పనికిరాదు. మొక్క బాధ్యత ఏ రోజున, ఏ షరతుల మీద మన చేతి నుంచి యజమాని చేతికి వెళుతుందో తేల్చడమే మన ఒప్పందంలో సగం పని. తక్కిన సగం కొలతలు, డబ్బు.

చట్టం సంగతి ముందే ఒక మాట. భారత ఒప్పందాల చట్టం, 1872 ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా చాలావరకు చెల్లుతుంది. చిక్కల్లా దాన్ని రుజువు చేయడంలోనే. కింద చెప్పినవన్నీ కలిపి మీకంటూ ఒక నమూనా తయారు చేసుకుని, ఒక్కసారి న్యాయవాదికి చూపించండి. ఆ ఫీజు ఒక అరెకా లోడు ఖరీదుకు మించదు. ప్రతి పనికీ ఆయన దగ్గరకు పరుగెత్తనక్కర్లేదు.

1. కలం పట్టకముందు స్థలం చూడాలి

ఒప్పందం అసలు పుట్టేది సైటు దగ్గర. టేపు, నోటుపుస్తకం, ఫోను పట్టుకుని వెళ్లండి. కొలతలు మీరే తీసుకోండి. ఆర్కిటెక్ట్ ఇచ్చిన ప్లానులో 2,000 చదరపు అడుగులున్న లాన్, మెట్లూ ర్యాంపూ పోగా 1,640 తేలిన సందర్భాలున్నాయి. నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి, బోరా, మున్సిపల్ కనెక్షనా, ట్యాంకరా? వేసవిలో రోజుకు ఎంతసేపు వస్తాయి? కుళాయి తోటకు ఎంత దూరంలో ఉంది? లారీ లోపలికి వస్తుందా, గేటు దగ్గరే దించి మట్టిని తలమీద మోయించాలా? గేటెడ్ కమ్యూనిటీ అయితే కూలీలను ఏ వేళల్లో లోపలికి రానిస్తారు, ఆదివారం పని చేయనిస్తారా?

ఇవన్నీ ధరను మార్చేవే కాబట్టి ఒప్పందంలో "స్థల పరిస్థితి" అని ఒక పేరా ఉండాలి. "తేదీ ఫలానా నాడు చూసినప్పుడు లారీ ప్రవేశం ఉంది, బోరు నీరు ఉంది, పాత కట్టడాల చెత్త తొలగించి ఉంది, ఈ పరిస్థితుల ఆధారంగానే ధర నిర్ణయించాం" అని రాస్తే, రేపు గేటు ముందు అసోసియేషన్‌వారు దిమ్మెలు పాతినప్పుడు అదనపు కూలి అడిగే హక్కు మీకుంటుంది. నాలుగు మూలల నుంచీ ఫోటోలు తీసి యజమానికి ఆ రోజే పంపండి.

2. సంతకం పెట్టేది ఎవరు?

సొంత విల్లా అయితే తేలిక. ఇంటి యజమాని ఒకరు, డబ్బిచ్చేది అమెరికాలో ఉన్న కొడుకు, పక్కన నిలబడి పని చెప్పేది మేనమామ అయితే మాత్రం జాగ్రత్త. ముగ్గురి మాటా విని పని చేస్తే ముగ్గురూ బాధ్యులు కారు. సంతకం చేసే వ్యక్తి పేరు, చిరునామా, పాన్ నంబరుతోపాటు "మార్పులు చెప్పే అధికారం ఈ ఒక్కరికే" అని ఒక పేరు, ఒక ఫోను నంబరు రాయండి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లకు పని చేస్తే, కమిటీ మారితే బిల్లు నిలిచిపోతుంది. కొత్త అధ్యక్షుడు "మాకు తెలియదు, పాతవారిని అడగండి" అంటాడు. కాబట్టి ఒప్పందం అసోసియేషన్ పేరు మీదే ఉండాలి, అధ్యక్ష కార్యదర్శుల సంతకాలు, ముద్ర ఉండాలి, పని ఇవ్వాలని కమిటీ చేసిన తీర్మానం నకలు జతచేయాలి. బిల్డరు తరఫున పని చేస్తుంటే సంతకం చేసిన సైటు ఇంజనీరుకు ఆ అధికారం ఉందని కంపెనీ లెటర్‌హెడ్ మీద ఒక వాక్యం తీసుకోండి.

మీ వైపు కూడా పేరు సరిగ్గా రాయాలి. మీది సొంత వ్యాపారమైతే సంస్థ పేరుకు చట్టం దృష్టిలో వేరే ఉనికి లేదు. సంస్థ పేరు, "ప్రొప్రయిటర్" అంటూ మీ పేరు, రెండూ ఉండాలి.

3. మొక్కల పట్టిక

తగాదాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. "ఫాక్స్‌టైల్ పామ్, 8 అడుగులు, 12 మొక్కలు" అని రాశారనుకోండి. ఏది ఎనిమిది అడుగులు? నర్సరీలో చాలాసార్లు నేల నుంచి పైకి లేచిన ఆకు కొస దాకా కొలిచి చెబుతారు. యజమాని మనసులో ఉన్నది కాండం ఎనిమిది అడుగులు. మొదటిది కళ్లెదుట నిలబెడితే కాండం మూడు నాలుగడుగులకు మించదు. ధరలో తేడా రెండు మూడు రెట్లు. అందుకని పట్టికలో రెండు గడులు పెట్టండి: మొత్తం ఎత్తు, కాండం ఎత్తు. కొలిచేది కవర్ (నర్సరీలో మొక్క పెంచే సంచి) మట్టి పైభాగం నుంచి అని కింద ఒక గమనిక. కవర్ కొలత అంగుళాల్లో కూడా రాయండి. చిన్న కవర్‌లో పొడవుగా సాగిన మొక్కకూ, పెద్ద కవర్‌లో వేరు నిండిన మొక్కకూ ఎత్తు ఒకటే అయినా బతుకు ఒకటి కాదు.

పేర్ల సంగతి ఇంకా చిత్రం. "అశోక చెట్లు" అని రాసుకుంటే, మనం తెచ్చేది ప్రహరీల వెంబడి సన్నగా నిటారుగా పెరిగే నరమామిడి. అసలు అశోక వేరు. ఎర్రటి నారింజ రంగు పూల గుత్తులు పూసేది, శాస్త్రీయ నామం సరాకా అశోకా. ఒక పూజారిగారు గుడి ఆవరణకు అశోక కావాలని అడిగి, లారీలోంచి నరమామిడి దిగుతుంటే నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తు. అలాగే గన్నేరు వేరు, దేవగన్నేరు వేరు. మొదటిది విషపు మొక్క, చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ పొరపాటు నవ్వులాట కాదు. ప్రతి మొక్కకూ వాడుక పేరు, శాస్త్రీయ నామం, పువ్వు రంగు రాయాలి. నందివర్ధనం అంటే ఒంటిరెక్కదా ముద్దదా అన్నది కూడా.

పట్టికలో ఒక వరుస ఇలా ఉంటుంది:

దేవగన్నేరు, ప్లుమేరియా రూబ్రా, ఎరుపు పువ్వు, కవర్ 21 అంగుళాలు, మొత్తం ఎత్తు 6 నుంచి 7 అడుగులు, కనీసం మూడు కొమ్మలు, 2 మొక్కలు, ఒక్కోటి ఇంత, నాటే కూలి వేరుగా ఇంత.

కడియం నర్సరీల నుంచి సరుకు తెచ్చేవారికి మరో ఇబ్బంది. కొటేషన్ ఇచ్చిన రోజున నర్సరీలో ఉన్న రకం, నెల తరువాత లారీ పెట్టే రోజుకు ఉండకపోవచ్చు. దానికి ఈ వాక్యం: "పట్టికలోని రకం దొరకని పక్షంలో అదే పరిమాణం, అంతే విలువ గల మరో రకాన్ని పని ఇచ్చినవారు ఫోటో చూసి రాతపూర్వకంగా ఒప్పుకున్న తరువాతే తెస్తాం. మూడు రోజుల్లో జవాబు రాకపోతే ఆ మొక్కల మేరకు గడువు పెరుగుతుంది." జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అని మాత్రం రాయకండి. ఊరికే తగాదా.

మట్టిని ట్రాక్టర్లలో, టిప్పర్లలో లెక్కపెట్టడం మానండి. బండికొక కొలత. ఘనపుటడుగుల్లో రాయండి. 1,000 చదరపు అడుగుల్లో ఆరంగుళాల ఎర్రమట్టి అంటే 500 ఘనపుటడుగులు. నీళ్లు పెట్టాక మట్టి కుంగుతుంది కాబట్టి ఆ ఆరంగుళాలు పోసినప్పటి కొలతా, కుంగిన తరువాతి కొలతా అన్నది కూడా చెప్పాలి. ఎరువు, కొబ్బరి పొట్టు, ఇసుక ఏ పాళ్లలో కలుపుతారో ఒక వాక్యం చాలు.

ఇక ఈ ధరలో లేనివి. ఇది రాయడానికి కొత్తవారు సిగ్గుపడతారు, పని చేజారిపోతుందేమోనని. పాత చెత్త తరలింపు, తోట లైట్లు, కరెంటు తీగలు, మోటారు, డ్రిప్ పైపులు, రాతి పలకలు, కుండీలు: ఏది లేదో అది "లేదు" అనే రాయండి.

4. డబ్బు

మనం మొక్కలు అప్పు మీద కొనము. నర్సరీలో కొత్తవారికి అప్పు పుట్టదు. అందుకే నా పద్ధతి ఇది: సంతకం రోజున 40%, మట్టి పని పూర్తయ్యాక 20%, మొక్కలు సైటులో దిగిన రోజున 30%, అప్పగింత పత్రం మీద సంతకమయ్యాక 10%. మొక్కలు దిగిన రోజునే పెద్ద వాయిదా ఎందుకంటే, నాటిన మొక్కను పెకిలించి వెనక్కు తీసుకుపోలేము. "పని పూర్తయ్యాక మిగతా 50%" అనే మాటకు ఎప్పుడూ ఒప్పుకోకండి. పూర్తయిందని ఎవరు తేలుస్తారు?

ప్రతి వాయిదా ఎన్ని రోజుల్లో చెల్లించాలో, దాటితే వడ్డీ ఎంతో, ఎన్ని రోజులు దాటితే మీరు పని ఆపవచ్చో రాయండి. ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు ఉచితం, చేయించుకోండి. సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు చెల్లింపు గడువు ఒప్పందంలో ఎలా రాసుకున్నా 45 రోజులకు మించకూడదు. మించితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. అయితే సరుకూ పనీ కలిసిన కాంట్రాక్టులకు ఈ చట్టం వర్తించదని కోర్టుల్లో వాదించేవారు చాలామంది ఉన్నారు. దాని మీదే ఆధారపడకుండా గడువునూ వడ్డీనీ ఒప్పందంలోనే పెట్టుకోవాలి.

పన్నుల దగ్గర ఒక మెలిక. మొక్కలు మాత్రమే అమ్మితే వాటిపై జీఎస్టీ సున్నా. తోట వేసే సేవ మీద 18%. రెండూ కలిపి ఒకే మొత్తంగా రాస్తే ప్రధానమైన సరఫరా ఏదో దాని రేటు మొత్తానికీ పడుతుంది. ఎలా విడగొట్టాలో, అసలు విడగొట్టవచ్చో లేదో మీ ఆడిటర్‌ను అడిగాకే కొటేషన్ రూపం నిర్ణయించుకోండి. సేవల వ్యాపారం ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటితే నమోదు తప్పనిసరి. ఏమైనా సరే, "ధరలకు వర్తించే జీఎస్టీ అదనం" అన్న నాలుగు మాటలు మరిచిపోవద్దు. మరిచిపోతే ఆ 18% మీ లాభంలోంచే పోతుంది. కంపెనీలు, అసోసియేషన్‌లు బిల్లులో టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తాయి. వ్యక్తిగత వ్యాపారమైతే 1%, పాన్ ఇవ్వకపోతే 20%. చేతికి తక్కువ వచ్చిందని మొదటిసారి నేనూ కంగారుపడ్డాను. రిటర్ను వేసినప్పుడు అది లెక్కలోకి వస్తుంది.

5. నీళ్లు, బతుకు, బదులు మొక్కలు

ఇప్పుడు అసలు సంగతి. నర్సరీ నుంచి రాత్రంతా లారీలో ప్రయాణించి వచ్చిన మొక్క నాటిన తరువాత రెండు మూడు వారాలు తల వాల్చుతుంది, ఆకు రాలుస్తుంది. అది సహజమని మనకు తెలుసు, యజమానికి తెలియదు. ఒప్పందంలో ఒక వాక్యం ఉంటే ఆయన రాత్రి పదకొండింటికి ఫోటోలు పంపడం తగ్గుతుంది: "నాటిన తరువాత మొదటి మూడు వారాల్లో ఆకు రాలడం, వాడిపోవడం సహజం, దాన్ని మొక్క చనిపోవడంగా లెక్కించరు. గోటితో గీస్తే బెరడు కింద పచ్చదనం కనిపించని మొక్కనే చనిపోయినదిగా లెక్కిస్తారు." తాటి జాతికి ఈ గీత పరీక్ష పనికిరాదు. వాటికి "నడిమి మొవ్వ ఎండి, లాగితే ఊడి వచ్చినప్పుడు" అని రాయాలి.

తరువాత నీటి బాధ్యత. మూడు దశలుగా విడగొడతాను. మొదటిది, పని జరుగుతున్న రోజులు: నీరు యజమానిది, పెట్టేది మన మనుషులు. రెండోది, నాటడం ముగిసిన నాటి నుంచి 21 రోజులు: మన మాలి రోజూ వస్తాడు, అతని కూలి ధరలో కలిపే ఉంది, నీరు మాత్రం యజమానిదే. మూడోది, ఇరవై రెండో రోజు నుంచి: అన్నీ యజమానివే, లేదా వేరే నిర్వహణ ఒప్పందం.

ఎంత నీరో అంకెల్లో చెప్పండి. ఎండాకాలంలో లాన్‌కు రోజుకు ఆరు మిల్లీమీటర్ల లోతు నీటి లెక్కన వేసుకుంటే చదరపు మీటరుకు ఆరు లీటర్లు. నా తొలి విల్లాలోని 1,800 చదరపు అడుగులు దాదాపు 167 చదరపు మీటర్లు, అంటే రోజుకు వెయ్యి లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఐదు రోజులకు సరి. ఈ లెక్క ముందే చూపిస్తే కొందరు యజమానులు లాన్ సగానికి తగ్గిస్తారు. తగ్గించనివ్వండి. మిగిలిన స్థలంలో నీరు తక్కువ తాగే కాగితపు పూలు, దేవగన్నేర్లు పెట్టి చూపించండి. ఎండిన లాన్ కన్నా చిన్న లాన్ మేలు.

నేను వాడే పేరా ఇది. మీ సంఖ్యలు మార్చుకుని వాడుకోవచ్చు:

"తోటకు రోజుకు కనీసం ____ లీటర్ల నీటిని పని ఇచ్చినవారు సమకూర్చాలి. బోరు ఎండినా, కరెంటు లేకపోయినా, సరఫరా ఆగినా ట్యాంకరు తెప్పించే బాధ్యత, ఖర్చు పని ఇచ్చినవారివే. వరుసగా రెండు రోజులు నీరు అందకపోతే పని చేసినవారు ఆ విషయాన్ని ఫోను సందేశం ద్వారా తెలియజేస్తారు. ఆ తరువాత నీరు లేక ఎండిన మొక్కలకు, గడ్డికి బదులు ఇచ్చే బాధ్యత పని చేసినవారికి లేదు."

బదులు మొక్కల హామీ ఇవ్వండి, కానీ గీత గీసి ఇవ్వండి. పొదలకు, చెట్లకు 90 రోజులు, ఒక్కసారి మాత్రమే, అదే రకం అదే పరిమాణం. సీజన్ పూలకు హామీ లేదు. లాన్‌కు 30 రోజులు, అదీ మన మాలి వస్తున్నంత కాలం (21 రోజులు దాటాక నిర్వహణ ఒప్పందం ఉంటేనే), ఎండిన చోట ముక్క వేయడం మాత్రమే. కోతులు, పశువులు, పెళ్లి షామియానాలు, పెంపుడు కుక్కలు, మరొకరు చల్లిన మందులు, వడగళ్లు, ముంపు మినహాయింపులు. షామియానా మాట చదివి నవ్వేవారుంటారు. లాన్ మీద మూడు రోజులు కార్పెట్ పరిస్తే దాని కింద గడ్డి ఏమవుతుందో చూసినవారు నవ్వరు.

అప్పగింత పత్రం వేరే కాగితం, ఒకే పేజీ. తేదీ, లెక్కపెట్టిన మొక్కల సంఖ్య, లోపాలుంటే వాటి జాబితా, రెండు సంతకాలు. హామీ రోజులు ఆ తేదీ నుంచే మొదలు. పిలిచినా యజమాని రాకపోతే? "రాతపూర్వకంగా పిలిచిన ఏడు రోజుల్లో రాకపోతే ఎనిమిదో రోజున అప్పగించినట్టు" అన్న వాక్యం ముందే ఉండాలి.

6. "ఆ మూలన ఇంకో రెండు మొక్కలు"

పని మధ్యలో ఇంటావిడ టీ ఇచ్చి, "బాబూ, ఆ మూలన కూడా రెండు మల్లెలు పెట్టెయ్యరాదూ?" అంటారు. రెండు మల్లెలకు బిల్లు వేయలేము. కానీ అలా అడిగినవి పదిహేను అయ్యాక అవి మల్లెలుగా ఉండవు, రాతి బెంచీ, నీటి తొట్టి అయి ఉంటాయి. ధరలో లేని పనిని 2,000 రూపాయల వరకు ఉచితంగా చేస్తామని నేనే రాసిస్తాను. అది దాటితే ఫోనులో సందేశం: ఏ పని, ఎంత ధర, ఎన్ని రోజులు ఎక్కువ. అవతలి నుంచి "సరే" అని వచ్చాకే పార పట్టాలి. సమాచార సాంకేతిక చట్టం, 2000 ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిన ఒప్పందాలను గుర్తిస్తుంది కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన "సరే"కు విలువ ఉంది. కోర్టుదాకా వెళితే భారతీయ సాక్ష్య అధినియమ్, 2023లోని 63వ సెక్షన్ ప్రకారం దానికి ధ్రువపత్రం జతచేయాలి. ఫోను మార్చినప్పుడు పాత సంభాషణలు పోగొట్టుకోకండి.

7. నేల కింద, మేడ మీద

గునపం దిగాక తెగేవి పైపులు, కేబుళ్లు. ఎక్కడ ఏముందో చూపించాల్సింది యజమాని. చూపించిన చోట తెగితే మన ఖర్చు, చూపించని చోట తెగితే ఆయన ఖర్చు. ఇంతే రాయండి, ఇది ఎవరికైనా న్యాయంగానే తోస్తుంది.

ఉన్న చెట్టును కొట్టమంటే ఆగండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాల్టా అని పిలిచే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం అమల్లో ఉంది. సొంత స్థలంలోని చెట్టుకైనా అనుమతి కావాలి. ఆ అనుమతి తేవడం యజమాని పని, కాగితం చూశాకే మన రంపం అని ఒప్పందంలో ఉండాలి.

మేడ మీద తోట అయితే బరువు లెక్క ప్రాణం మీదికి తెచ్చేది. తడిసిన మట్టి అడుగు లోతున పోస్తే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోలు పడుతుంది. స్లాబు ఆ బరువు ఆపుతుందని స్ట్రక్చరల్ ఇంజనీరు ఇచ్చిన లేఖ లేకుండా నేను పని ఒప్పుకోను. వాటర్‌ప్రూఫింగ్ ఎవరు చేయించారో, మట్టి పోసే ముందు నీళ్లు నిలిపి పరీక్షించారో లేదో ఒప్పందానికి జతచేయండి. కింది ఇంటి గదిలో పైకప్పు చెమరిస్తే మొదట వేలు చూపేది మొక్కల వైపే.

మీ కూలీలకు దెబ్బ తగిలితే బాధ్యత మీదే. ప్రమాద బీమా తీసుకోండి, ఆ మాట ఒప్పందంలోనూ రాయండి. పెద్ద క్లయింట్లు అడుగుతారు కూడా.

8. గడువు, రద్దు, జరిమానా

"30 రోజుల్లో పూర్తి" అనకుండా "అడ్వాన్స్ అంది, స్థలం ఖాళీగా అప్పగించిన నాటి నుంచి 30 పని దినాలు" అని రాయండి. వాన రోజులు, యజమాని వల్ల ఆగిన రోజులు కలవవు. తోట పనికి ఇంకో అడ్డంకి, మన కన్నా ముందు ముగియాల్సిన రంగులు, విద్యుత్తు పని, గేటు వెల్డింగ్. లాన్ మీద రంగు డబ్బాలు కడిగే పెయింటరును ఆపడం ఎవరి తరమూ కాదు.

మధ్యలో మానుకుంటే ఏమిటన్నది రెండు వైపులా రాయాలి. యజమాని మానుకుంటే, చేసిన పనికి డబ్బుతోపాటు ఆర్డరిచ్చి కొన్న మొక్కల ఖరీదు, లారీ కిరాయి ఇవ్వాలి. ఆ మొక్కలు ఆయనవే. మనం మానుకుంటే, వాడని అడ్వాన్స్ పదిహేను రోజుల్లో వెనక్కు.

జరిమానాల దగ్గర అత్యాశకు పోవద్దు. ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ప్రకారం ఎంత రాసుకున్నా, ఆ మొత్తానికి లోబడి న్యాయమైన పరిహారమే దక్కుతుంది. పైగా సొంత ఇంటికి పని చేయించుకునే వ్యక్తి చట్టం దృష్టిలో వినియోగదారుడు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 "అన్యాయమైన ఒప్పందం" అంటే ఏమిటో కూడా నిర్వచించింది. అన్నీ మనకే అనుకూలంగా రాసుకున్న కాగితం అక్కడ మన మీదికే తిరుగుతుంది.

9. నిర్వహణను వేరే కాగితం మీద పెట్టండి

తోట వేయడం, తోట చూసుకోవడం ఒకే ఒప్పందంలో కలపకండి. కలిపితే మాలి ఒకరోజు రాలేదని చివరి 10% ఆపుతారు. నిర్వహణ ఒప్పందం రెండు పేజీలు చాలు. నెలకు ఎన్నిసార్లు వస్తారు, గడ్డి కోత ఎన్నిసార్లు, ఎరువు, మందులు ఎవరివి, గడ్డి కోసే యంత్రం ఎవరిది, చెత్త ఎక్కడ వేయాలి, నెల మొదట్లో చెల్లింపా చివరా, మానుకోవాలంటే 30 రోజుల ముందు చెప్పడం, ఏడాదికొకసారి ధర పెంపు ఎంత శాతం. మీ మాలిని యజమాని సొంతంగా పెట్టుకుంటే ఏం చేస్తారన్నది కొందరు రాస్తారు. నేను రాయను. మంచి మాలిని కాగితంతో కట్టేయలేము, జీతంతో కట్టేయాలి.

10. తగాదా వస్తే, సంతకం, స్టాంపు

చిన్న పనులకు ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి తీర్పు) పెట్టకండి. ఆర్బిట్రేటర్ ఫీజే బాకీ అంత అవుతుంది. పెద్ద బిల్డర్ల ఒప్పందాల్లో అది ఉంటుంది. అందులో "మేము నియమించిన ఒక్కరే ఆర్బిట్రేటర్" అని ఉంటే మార్పించండి. తగాదాలో ఉన్న పక్షం ఒక్కటే అలా నియమించడం చెల్లదని 2019లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇళ్ల పనులకు "ముందు 15 రోజులు మాట్లాడుకుంటాం, తెగకపోతే ఫలానా నగర కోర్టులు" అని ఒక వాక్యం చాలు. లోక్ అదాలత్‌కు కేసు వేయకముందే వెళ్లే వీలుంది, కోర్టు ఫీజు ఉండదు. వాయిదాలకు చెక్కులు తీసుకుంటే, అవి చెల్లకపోయినప్పుడు బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలన్నది గుర్తుంచుకోండి.

ఇక్కడి అలవాటు 100 రూపాయల నాన్ జ్యుడీషియల్ స్టాంపు పేపరు. ఇద్దరిలో ఒకరి పేరు మీద కొనాలి, సంతకానికి ముందే కొనాలి. స్టాంపు తక్కువైన కాగితాన్ని లోటు సుంకం, జరిమానా కట్టే వరకు కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. నోటరీ తప్పనిసరి కాదు. సాక్షులూ తప్పనిసరి కాదు, కానీ ఇద్దరుంటే మంచిది. ప్రతి పేజీ మీద ఇద్దరి సంతకాలు, మొక్కల పట్టిక మీద, ప్లాను మీద కూడా. కొట్టివేతలుంటే పక్కన పొట్టి సంతకం. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాస్తే తేడా వచ్చినప్పుడు ఏది చెల్లుతుందో చెప్పండి. బాకీ కోసం దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది కాబట్టి అంతకాలమైనా కాగితాలు, ఫోటోలు దాచండి.

సంతకానికి ముందు నేను కాగితం ఇచ్చి "చదువుకోండి" అని వచ్చేయను. యజమానితో కూర్చుని నేనే పైకి చదువుతాను. ముప్పావు గంట పడుతుంది. మొక్కల పట్టిక దగ్గర ఫోనులో ఫోటోలు చూపిస్తాను. ధర దగ్గర బేరం మామూలే. నీటి పేరా దగ్గరకు వచ్చేసరికి దాదాపు ప్రతి ఇంట్లోనూ ఆగమంటారు. "బోరు ఎండితే ట్యాంకరు మేమే తెప్పించాలా?" అని అడుగుతారు. అవునని చెప్పి, రోజుకు ఎన్ని లీటర్లో లెక్క మళ్లీ చూపిస్తాను. అప్పుడు భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. లాన్ ఎంత ఉండాలన్నది అక్కడ తేలుతుంది.